కరెంటు కారు, పాత వైరింగు: పాఠకుల ప్రశ్నలు

ఇంటి దగ్గర కారు చార్జింగ్ మీద ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో అడిగాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి మొదటి వాక్యం ఒకటే: "ఏ కంపెనీ స్మార్ట్ చార్జర్ కొనమంటారు?" దాన్ని ఆఖరికి ఉంచాం. స్మార్ట్ చార్జర్ అంటే ఫోన్‌లో యాప్‌తో నడుపుకునే గోడ పెట్టె. అది నచ్చకపోతే విప్పి ఇంకోటి పెట్టుకోవచ్చు. గోడలో పోయిన వైరు, నేలలో పాతిన ఎర్తింగు అలా మార్చుకునేవి కావు. అందుకని ముందు వాటి సంగతి.

ప్ర: నెక్సాన్ ఈవీ బుక్ చేశాను. బండితోపాటు 15 ఆంపియర్ల ప్లగ్గుకి పెట్టుకునే పోర్టబుల్ చార్జర్ వస్తుంది. అది చాలదు, 7.2 కిలోవాట్ల స్మార్ట్ చార్జర్ తీసుకోండని షోరూమ్‌లో పట్టుబడుతున్నారు. రోజుకి 60 కిలోమీటర్లు మించి తిరగను. అవసరమా? (పాఠకుడు, రాజాం)

జ: తిరుగుడు అంతే అయితే అవసరం లేదు. ఈ సైజు కారు మీటరులో పడే ఒక్కో యూనిట్‌కి సుమారు 7 కిలోమీటర్లు నడుస్తుంది. చార్జింగ్‌లో వృథాగా పోయే పదో వంతు ఇందులో కలిపే ఉంది. 60 కిలోమీటర్లకి 9 యూనిట్లనుకోండి. 15 ఆంపియర్ల ప్లగ్గు మీద గంటకి రెండున్నర నుంచి మూడు యూనిట్లు ఎక్కుతాయి. అంటే మూడున్నర గంటల పని. రాత్రి భోజనాలయ్యాక పెడితే పాలవాడు వచ్చేసరికి ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఆ డబ్బుతో ప్లగ్గుకి విడిగా 4 ఎంఎం రాగి వైరు లాగించండి, ఎర్త్‌పిట్ (ఎర్తింగు కోసం నేలలో తీసే గుంత) వేయించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం వద్దు. మొదటిరోజు గంటసేపు చార్జింగ్ అయ్యాక ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి ఆనించలేకపోతే సాకెట్టు లోపల స్క్రూ అయినా వదులుగా ఉంది, పిన్ను పట్టు అయినా పోయింది. పిన్నుల చుట్టూ గోధుమరంగు మచ్చ వచ్చిందంటే ఆ సాకెట్టు ఇంక గీజరుకి కూడా పనికిరాదు, పీకేయండి.

రోజూ విశాఖ వెళ్లి వచ్చేవాళ్ల లెక్క వేరు. 200 కిలోమీటర్లంటే 28, 29 యూనిట్లు. ప్లగ్గు మీద పది పదకొండు గంటలు పడుతుంది, 7.2 మీద నాలుగు గంటల పైచిలుకు. మధ్యలో రెండు గంటలు కరెంటు పోయిందంటే ప్లగ్గు మీద పెట్టిన బండి తెల్లారేసరికి నిండదు.

కొనేవాళ్లకి ఒక ముఖ్యమైన సంగతి. చార్జర్ అని మనం పిలిచే గోడ పెట్టె నిజానికి చార్జర్ కాదు. ఏసీని డీసీగా మార్చే అసలు చార్జర్ కారులోనే ఉంటుంది. పెట్టె చేసేదల్లా కరెంటు వదలడం, ఆపడం, ఎంత లాగొచ్చో కారుకి చెప్పడం. కేబుల్ చివర కారుకి గుచ్చే గన్‌లో పైలట్ పిన్ను అని ఒక సన్నటిది ఉంటుంది. దాని మీదుగా పెట్టె సెకనుకి వెయ్యిసార్లు సంకేతం కొడుతుంది. ఒక్కో సంకేతంలో పదో వంతు సేపు ఆన్‌లో ఉంటే "6 ఆంపియర్లే లాగు" అని అర్థం, 53 శాతం ఉంటే "32 దాకా లాగు" అని. 6 కంటే కింద మాట లేదు.

ఇక్కడే చాలామంది దెబ్బ తింటున్నారు. "11 కిలోవాట్లది 7 కంటే పెద్దది కదా" అని త్రీ ఫేజ్ పెట్టె కొంటారు. అది ఒక్కో ఫేజుకి 16 ఆంపియర్లే ఇస్తుంది. మన దగ్గర తిరిగే కార్లలో ఎక్కువభాగం సింగిల్ ఫేజ్ మీద తీసుకునేవి. అలాంటి కారుకి ఆ పెద్ద పెట్టె మీద దక్కేది 3.7 కిలోవాట్లే. క్రెటా ఎలక్ట్రిక్ లాంటి కొన్ని కార్లే ఇంట్లో 11 తీసుకోగలవు. మీ కారు పుస్తకంలో ఏసీ చార్జింగ్ 7.2 అని ఉంటే "సింగిల్ ఫేజ్, 32 ఆంపియర్లు" అని ఆ మాటతోనే అడగండి.

ప్ర: మాది ఉద్దానం, కొబ్బరితోట మధ్య ఇల్లు. నేలంతా ఇసక. చార్జర్ పెడితే ఎర్రలైటు వెలిగి ఎర్త్ లోపం అని చూపిస్తోంది. మా ఎలక్ట్రీషియన్ "న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపేస్తే పోద్దమ్మా, ఏటీ అవదు" అంటున్నాడు. కలపమంటారా? (పాఠకురాలు, కవిటి)

జ: కలపనివ్వకండి. ఎర్రలైటు పోయే మాట నిజమే. స్తంభం మీద న్యూట్రల్ ఊడిన రోజున మాత్రం మీ ఇంట్లో ఫ్యాను గుండానో ఫ్రిజ్ గుండానో వచ్చిన కరెంటు ఆ లంకె మీదుగా ఎర్త్ వైరులోకి, అక్కడి నుంచి కారు బాడీలోకి ఎక్కుతుంది. కరెంటు కారితే లైను తెంపే ఆర్‌సీసీబీ అనే స్విచ్చు ఉన్నా రక్షించదు. వెళ్లే కరెంటుకీ వచ్చే కరెంటుకీ తేడా కనబడితేనే అది పడుతుంది, ఇక్కడ దానికి తేడా కనబడదు. ఒకవేళ పడినా ఎర్త్ వైరుని అది తెంపదు. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి కారు తలుపు పట్టుకున్న మనిషే ఎర్త్ అవుతాడు.

ముందు లోపం ఎక్కడుందో చూడండి. ఎలక్ట్రీషియన్ చేత మల్టీమీటరుతో సాకెట్టు దగ్గర మూడు కొలతలు తీయించండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 ఉందనుకుందాం. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఫేజు-ఎర్త్ మధ్య 120, 150 అంటూ ఊగుతుంటే ఎర్త్ వైరు ఎక్కడో తెగింది, లేదా అసలు పిట్‌కి చేరనే లేదు. పాత ఇళ్లలో ఇది మామూలే: సాకెట్టుకి మూడు వైర్లు కనబడతాయి, మూడోది బోర్డు వెనకే ఆగిపోయి ఉంటుంది.

మీటరులో అంతా బాగున్నట్టే కనబడినా తృప్తిపడొద్దు. మల్టీమీటరు లాగే కరెంటు దాదాపు సున్న, చచ్చు ఎర్త్ కూడా దానికి బాగానే కనబడుతుంది. 100 వాట్ల పాతరకం బల్బు ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పెట్టి చూడమనండి. ఫేజు-న్యూట్రల్ మధ్య వెలిగినంత కాంతి రావాలి, మసకగా ఉంటే పిట్ పనిచేయడం లేదు. ఈ బల్బు పరీక్ష ఆర్‌సీసీబీ తర్వాత చేస్తే వెంటనే ట్రిప్ అవుతుంది, అందుకని దానికి ముందువైపు చేయాలి. పని తెలిసినవాడే చేయాలి.

ఇంకొక చిన్న కారణం ఉంది. కొన్ని పోర్టబుల్ చార్జర్లు ఫేజు, న్యూట్రల్ తారుమారైనా ఎర్రలైటే చూపిస్తాయి. సాకెట్టుకి ఎదురుగా నిలబడి, ఎర్త్ రంధ్రం పైకి ఉండగా చూస్తే ఫేజు మీ కుడిచేతి వైపు ఉండాలి. అది సరిచేస్తే లైటు పోతే మీ అదృష్టం, పిట్ ఖర్చు తప్పినట్టే.

తప్పకపోతే: ఇసక నేలకి నీళ్లు నిలవవు, తేమ లేకపోతే ఎర్త్ లేదు. మామూలుగా 40 ఎంఎం జీఐ పైపు రెండున్నర మీటర్లది దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేస్తారు. ఇసకలో ఆ ఉప్పు రెండు మూడు వర్షాలకే దిగిపోతుంది, ఉన్నన్నాళ్లూ పైపుని తింటుంది. మీకు రాగిపూత ఉన్న 3 మీటర్ల రాడ్డు, చుట్టూ బెంటనైట్ పొడి మేలు. బెంటనైట్ నీరు పీల్చి ఉబ్బి రాడ్డుని అంటిపెట్టుకునే బంకమన్ను. ఒక రాడ్డు చాలకపోతే కనీసం 3 మీటర్ల దూరంలో రెండోది వేసి రెండింటినీ కలపాలి. పక్కపక్కనే పాతితే రెండూ ఒకటే నేలని పంచుకుంటాయి, లాభం లేదు. పని అయ్యాక ఎర్త్ మెగ్గర్ అనే మీటరుతో కొలిపించి 5 ఓమ్‌ల లోపు చూపించమనండి. ఆ కొలత వానాకాలంలో కాక ఏప్రిల్, మే నెలల్లో తీస్తే అసలు సంగతి తెలుస్తుంది. బోరు నీళ్లు పోయే చోటికి, కుళాయి గట్టు పక్కకి పిట్ తెచ్చుకుంటే ఎండాకాలం బాధ సగం తగ్గుతుంది.

ప్ర: మీటరు ఇంటి ముందు, కారు షెడ్డు పెరట్లో. మధ్యలో 28 మీటర్లు. 4 ఎంఎం వైరు, 32 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్చు) చాలంటున్నారు. (పాఠకుడు, విజయనగరం)

జ: రెండూ చాలవు. ఏసీ కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది, గీజరు పావుగంటలో ఆగిపోతుంది. కారు 32 ఆంపియర్లు నాలుగైదు గంటలు ఆగకుండా లాగుతుంది. ఇంట్లో ఇంకేదీ ఇలా లాగదు. 28 మీటర్ల 4 ఎంఎం రాగి వైరులో ఆ లోడు మీద దాదాపు 10 వోల్టులు పడిపోతాయి, 315 వాట్లు వైరులోనే వేడిగా పోతాయి. 6 ఎంఎంలో ఆరున్నర వోల్టులు, 210 వాట్లు. 10 ఎంఎంలో 4 వోల్టులే. దూరం 15 మీటర్లలోపు, నీడపట్టున అయితే 6 చాలనేవాళ్లం. పెరటి గోడ మీద ఎండలో పైపులో పోయే వైరు ముందే వేడెక్కి ఉంటుంది కాబట్టి మీకు 10 ఎంఎం. ఎర్త్ వైరు కూడా అంత లావుదే వేయించండి. బయటి సర్వీసు వైరు అల్యూమినియం అయితే రాగితో నేరుగా మెలిపెట్టి టేపు చుట్టడం కుదరదు, బైమెటల్ లగ్గు (రెండు లోహాలకీ పనికొచ్చే, వైరు కొనకి బిగించే తొడుగు) వాడాలి. లేదంటే ఆ అతుకే మొదట కాలుతుంది.

ఎంసీబీ 40 ఆంపియర్లది, సీ కర్వ్ అనే రకం. 32ది వేస్తే తప్పేమిటంటే, ఎంసీబీకి రాసిన అంకె 30 డిగ్రీల లెక్క. రేకు షెడ్డు కింద మూసిన డబ్బాలో 45 డిగ్రీలున్నప్పుడు అది 32 కూడా మోయలేదు. గంటో గంటన్నరో నడిచి పడిపోతుంది. "చార్జర్ పాడైంది" అని వచ్చే ఫిర్యాదుల వెనక తరచూ ఉండేది ఇదే. పెట్టగానే పడితే షార్టు, గంట తర్వాత పడితే వేడి, వానొచ్చినప్పుడు ఆర్‌సీసీబీ పడితే గన్‌లోనో జంక్షన్ డబ్బాలోనో తడి. గుర్తుపెట్టుకోండి, సర్వీసు మనిషికి ఫోన్లో చెప్పడానికి పనికొస్తుంది.

ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లది, టైప్ ఏ కావాలి. మామూలు షాపుల్లో చవగ్గా దొరికేది టైప్ ఏసీ. రెండింటినీ ముందువైపు గుర్తుతో పోల్చుకోవచ్చు: చిన్న గడిలో ఒక్క అల మాత్రమే ఉంటే టైప్ ఏసీ, అల కింద రెండు బోర్లించిన గిన్నెల్లాంటి గుర్తులు కూడా ఉంటే టైప్ ఏ. కారు లోపలి చార్జర్ నుంచి కొంచెం డీసీ కారితే టైప్ ఏసీ మొద్దుబారిపోతుంది, తర్వాత నిజంగా షాక్ కొట్టినా పడదు. గోడ పెట్టెలో 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీని పట్టే ఏర్పాటు ఉందో లేదో కాగితం మీద చూడండి. లేకపోతే బయట డీసీని కూడా పట్టే టైప్ బీ వేయాలి, దాని ఖరీదు విని వెనక్కి తగ్గుతారు.

ఇంకొకటి, మీటరు ముఖం చదవండి. పాత సింగిల్ ఫేజ్ మీటర్ల మీద 5-30 ఆంపియర్లని ఉంటుంది. కారు ఒక్కటే 32. అలాంటి మీటరుతో 7.2 మొదలుపెట్టకండి. ఏపీఈపీడీసీఎల్ (మన కరెంటు సంస్థ) సెక్షన్ ఆఫీసులో లోడు పెంచమని దరఖాస్తు ఇచ్చి, మీటరు మారాకే పెట్టె తగిలించుకోండి.

ప్ర: లండన్‌లో ఉన్న మా అబ్బాయి స్మార్ట్ చార్జర్ లేనిదే దండగ అంటాడు. వాళ్లకి రాత్రిపూట కరెంటు చవకట. మనకి ఆ స్మార్ట్‌తో ఏం ఒరుగుతుంది? (పాఠకుడు, శ్రీకాకుళం)

జ: మీ అబ్బాయి వాళ్ల ఊరి లెక్క చెప్పాడు, తప్పేం లేదు. బ్రిటన్‌లో 2022 జూన్ 30 నుంచి ఇళ్లకి అమ్మే చార్జర్లు స్మార్ట్‌వే అయి ఉండాలని నిబంధన. రద్దీ లేని గంటల్లో నడిచేలా ముందే అమర్చి ఇస్తారు. అందరివీ ఒక్కసారి మొదలవకుండా ఒక్కోటి పది నిమిషాల లోపు ఎంతో కొంత ఆలస్యంగా మొదలవుతుంది. మామూలు మీటరున్న మన ఇంటి బిల్లుకి గంటతో పని లేదు, నెలకి ఎన్ని యూనిట్లన్నదే లెక్క. కాబట్టి ఆ ఒక్క కారణంతో కొనకండి.

కొనదగ్గ కారణం ఇంకొకటి ఉంది: లోడు చూసుకుని కారుని తగ్గించడం. ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండు నడుస్తుంటే 14 ఆంపియర్లు, గీజరు 9, నీళ్ల మోటారు 5. దీనిమీద కారు 32 కలిస్తే 60 అయింది, మెయిన్ పడింది. మీటరు దగ్గర ఫేజు వైరుకి సీటీ క్లాంపు అనే చిన్న కడియం తొడిగి దాని వైరు పెట్టెకి తెస్తే, ఇల్లు ఎంత లాగుతోందో పెట్టెకి తెలుస్తుంది. గీజరు వేయగానే కారుని 32 నుంచి 23కి దించుతుంది, ఆపగానే మళ్లీ ఎక్కిస్తుంది. ఇది ఉంటే చాలా ఇళ్లలో లోడు అంతగా పెంచుకోనక్కర్లేదు. బిగించేటప్పుడు చేసే తప్పు రెండు రకాలు. ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కలిపి కడియంలో దూర్చేస్తారు, అప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసి ఎప్పుడూ సున్నే చూపిస్తుంది. లేదా క్లాంపు మీది బాణం గుర్తు తిరగేసి పెడతారు. బిగించాక గీజరు వేసి యాప్‌లో అంకె పెరిగిందో లేదో మీ కళ్లతో చూడండి.

మిగతా స్మార్ట్‌తనంలో పనికొచ్చేవి మూడు: ఆంపియర్లు తగ్గించి పెట్టుకునే వీలు, టైము పెట్టుకునే వీలు, ఎన్ని యూనిట్లు ఎక్కాయో లెక్క. రంగులు మారే లైట్లు, నోటితో చెబితే ఆగడాలు సరదాకే. టైము సంగతి పెట్టెలోనే నిలిచి ఉంటుందా, కంపెనీ సర్వర్ నుంచి రావాలా అన్నది అడగండి. షోరూమ్‌లో వైఫై ఆపించి, గన్ పెట్టించి చూడండి. నెట్ లేకపోతే చార్జింగే మొదలవని పెట్టె మనకొద్దు. చాలా పెట్టెలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటాయి. రౌటరు 5 మీద ఉంటే "కనెక్ట్ కాలేదు" అని సతాయిస్తుంది. ఓసీపీపీ అనే ఉమ్మడి భాష తెలిసిన పెట్టె అయితే ఆ కంపెనీ రేపు యాప్ మూసేసినా ఇంకొకరి యాప్‌తో నడుపుకోవచ్చు.

కారులో రాత్రి 11కి, పెట్టెలో 12కి అని రెండుచోట్లా టైము పెట్టేవాళ్లున్నారు. 11కి కారు చూస్తే కరెంటు లేదు, 12కి పెట్టె ఇస్తే కారు నిద్రలో ఉంది. పొద్దున బండి ఖాళీ. ఏదో ఒకచోటే పెట్టండి. మా సలహా కారులో.

ప్ర: కారుకి విడిగా మీటరు తీసుకుంటే కలిసొస్తుందా? (పాఠకుడు, బొబ్బిలి)

జ: మీ ఇంటి వాడకాన్ని బట్టి. కొన్నేళ్లుగా నడుస్తున్న గృహ స్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లు రూ. 1.90, 75 దాకా రూ. 3, 125 దాకా రూ. 4.50, 225 దాకా రూ. 6, 400 దాకా రూ. 8.75, ఆపైన రూ. 9.75. కారు నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సుమారు 150 యూనిట్లు. ఇంటి వాడకం 200 అయితే కరెంటు ఖర్చు రూ. 867; కారు కలిసి 350 అయితే రూ. 2,110. అంటే కారుకి పడింది రూ. 1,243, యూనిట్ రూ. 8.29. వాహనాల చార్జింగ్ కేటగిరీలో యూనిట్ రూ. 6.70 చొప్పున రూ. 1,005 అయ్యేది. నెలకి 240 రూపాయల దాకా తేడా. ఇల్లు 90 యూనిట్లే వాడేదైతే కారు కలిసినా యూనిట్ రూ. 5.93కే పడుతుంది, విడి మీటరు నష్టం. ఇల్లు ముందే 350 దాటుతుంటే మాత్రం నెలకి 400 మిగులుతాయి. కొత్త సర్వీసు ఖర్చు ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో మీరే లెక్క కట్టుకోండి, తాజా బిల్లు మీది రేట్లతో సరిచూసుకుని. ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు ఇందులో కలపలేదు.

కారు యజమానికి విడి కనెక్షన్ అడిగే హక్కు 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఉంది. ఉన్న ఇంటి సర్వీసు మీద చార్జింగ్ చేసుకోవడానికీ అడ్డు లేదు.

ప్ర: సాయంత్రమైతే మా ఊళ్లో వోల్టేజీ 185. చార్జింగ్ మధ్యలో ఆగిపోతోంది. స్టెబిలైజర్ పెట్టనా? లేదా పొలంలో మోటారు షెడ్డు దగ్గర లైను బాగుంటుంది, అక్కడ పెట్టుకోనా? (పాఠకుడు, నరసన్నపేట మండలం)

జ: రెండోది ముందు: వద్దే వద్దు. వ్యవసాయ సర్వీసు మీద కారు చార్జింగ్ అంటే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కిందికి వస్తుంది. వాడిన కాలానికి కారు చార్జింగ్‌కి వర్తించే కేటగిరీ రేటుకి రెట్టింపు కట్టిస్తారు.

వోల్టేజీ ఎక్కడ పడుతోందో కనిపెట్టండి. కారు పెట్టకముందు, పెట్టాక, మీటరు దగ్గరా గన్ దగ్గరా నాలుగు కొలతలు రాసుకోండి. మీటరు దగ్గర 215 నిలిచి, పెట్టె దగ్గర 200కి పడితే లోపం మీ వైరుది. మీటరు దగ్గరే 190కి పడితే సర్వీసు వైరుదో, స్తంభం మీది అతుకుదో, ట్రాన్స్‌ఫార్మర్‌దో. ఆ అంకెలతోనే 1912కి ఫిర్యాదు ఇవ్వండి. "వోల్టేజీ తక్కువ" అంటే ఎవరూ రారు. "32 ఆంపియర్ల లోడుకి మీటరు దగ్గర 25 వోల్టులు పడుతోంది" అంటే లైన్‌మ్యాన్ ముందు అతుకులు చూస్తాడు.

ఈలోగా 32కి బదులు 16 పెట్టుకోండి. మీ సర్వీసు వైరులో పడే వోల్టేజీ అక్కడే సగమవుతుంది. ఊరు నిద్రపోయాక, రాత్రి 11 దాటాక మొదలయ్యేలా టైము పెట్టండి. 7 కిలోవాట్లకి సరిపడే స్టెబిలైజర్ బరువు, ఖరీదు, దానిలో పోయే కరెంటు చూస్తే దండగ. పైగా తక్కువ వోల్టేజీ ఉన్నప్పుడు అది లైను నుంచి ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగి పక్కింటి బల్బు కూడా మసకబారుస్తుంది. దాని బదులు ఎంసీబీ పక్కన బిగించే వోల్టేజీ కటాఫ్ పెట్టించండి, 170కి కిందా 270కి పైనా తెంపేలా. త్రీ ఫేజ్ లైనులో న్యూట్రల్ ఊడి 400 వోల్టులు తోసుకొచ్చిన రోజున పెట్టెనీ కారునీ కాపాడేది ఇదే. కరెంటు తిరిగొచ్చాక మూడు నాలుగు నిమిషాలు ఆగి కలిపేలా దాన్ని సెట్ చేయండి, మొదటి నిమిషంలో వోల్టేజీ ఎగిరెగిరి పడుతుంది.

ప్ర: అపార్ట్‌మెంటులో మూడు కార్లు ఉన్నాయి, ఇంకా వస్తాయి. సెల్లార్‌లో ఎలా ఏర్పాటు చేసుకోవాలి? (అసోసియేషన్ కార్యదర్శి, విజయనగరం)

జ: ఎవరి మీటరు నుంచి వాళ్లు సెల్లార్‌కి కేబుల్ లాగుకోవడం మొదటి ఇద్దరికీ తేలిక, ఆరో మనిషికి గోడ మీద చోటుండదు. కార్లకోసం ఒక ఉమ్మడి సర్వీసు తీసుకుని, కార్డు చూపిస్తే నడిచే పెట్టెలు పెట్టి, అవి కరెంటు పంచుకునేలా చేయించండి. ఆ గుంపుకి ఒక ఫేజు మీద 40 ఆంపియర్లు కేటాయించారనుకోండి. మూడు కార్లు పెడితే తలా 13, అంటే 3 కిలోవాట్లు. ఎనిమిది గంటల్లో 24 యూనిట్లు, ఎవరికీ లోటు లేదు. ఆరు పెడితే తలా ఆరున్నర. ఏడో కారు వస్తే 6 కంటే దిగలేదు కాబట్టి క్యూలో నిలబడుతుంది. అప్పుడు రెండో ఫేజు తెరవాలి.

సెల్లార్‌లో ఫోన్ సిగ్నల్ అందదు. కార్డుల జాబితా పెట్టెలోనే నిలిచి ఉండేది కొనండి. వానకి నీళ్లు చేరే సెల్లార్ అయితే పెట్టె అడుగు నేలకి నాలుగడుగుల పైన ఉండాలి.

ప్ర: ఇల్లు సముద్రానికి దగ్గర. తుపానులకి బయట పెట్టిన పెట్టె నిలుస్తుందా? (పాఠకురాలు, కళింగపట్నం)

జ: వాన కంటే ఉప్పుగాలి ఎక్కువ తింటుంది. ఐపీ 65 (దుమ్ము, నీటి జల్లు చొరబడవని గుర్తు) అని రాసి ఉన్న పెట్టె తీసుకుని, పైన చిన్న రేకు చూరు వేయించండి. కేబుల్ కింది నుంచే లోపలికి పోవాలి. పోయేముందు వైరు ఒక వంపు కిందికి వేలాడితే నీరు అక్కడే కారిపోతుంది. వాడని రంధ్రాలకి మూతలు బిగించండి. చీమలు, బల్లులు వెచ్చదనానికి లోపల చేరి, కరెంటు కలిపే కాంటాక్టర్ మధ్య నలిగి చస్తాయి, పెట్టె ఆగిపోతుంది. లగ్గులు తగరపు పూత ఉన్నవి వేయాలి. ఏటా మృగశిర కార్తెకి ముందు మెయిన్ ఆపించి స్క్రూలన్నీ బిగింపించండి. ఆకుపచ్చ చిలుము కనబడిన లగ్గు మార్చేయడమే.

2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. 2021 సెప్టెంబరులో గులాబ్ మీ దగ్గరే దాటింది. హెచ్చరిక వచ్చిన రోజే బండి నింపేసి, గన్ తీసి, పెట్టెకి కరెంటు తెంపే ఐసోలేటర్ స్విచ్చు ఆపేయండి. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరినప్పుడు కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ ఉంటే దాని కిటికీ ఆకుపచ్చ నుంచి ఎరుపుకి మారిందేమో తుపాను వెళ్లాక చూడండి. మారితే అది తన పని చేసి చచ్చిపోయింది, కొత్తది వేయాలి. నీట మునిగిన పెట్టెని ఎండబెట్టి ఆన్ చేయకండి.

ప్ర: పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల సోలార్ వేయించాను. ఎండని బట్టి నడిచే సోలార్ మోడ్ ఉన్న చార్జర్ తీసుకోనా? అదే గన్‌తో స్కూటర్ కూడా పెట్టుకోవచ్చా? (పాఠకుడు, గజపతినగరం)

జ: నెట్ మీటరింగ్ ఉన్నంతకాలం సోలార్ మోడ్‌కి డబ్బు పోయకండి. పగలు బయటికి పంపిన యూనిట్ బిల్లులో తగ్గుతుంది, రాత్రి కారు తీసుకుంటుంది. మీ ప్యానెళ్లు సగటున రోజుకి 12 యూనిట్లు ఇస్తాయి. కారు 6 ఆంపియర్లు, అంటే 1.4 కిలోవాట్ల కంటే కింద తీసుకోలేదు కాబట్టి మబ్బు వచ్చినప్పుడల్లా ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. లైను పోతే, లైనుకి కలిపి ఉండే ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుందని మరవకండి. ఇంటి ఇన్వర్టరు మీద కారు పెట్టే ఆలోచన కూడా వద్దు, 900 వీఏ ఇన్వర్టరు 10 ఆంపియర్ల ప్లగ్గునే మోయలేదు.

స్కూటర్లలో ఎక్కువభాగం కారు గన్‌ని తీసుకోవు. పెట్టె పక్కనే విడి ఎంసీబీతో ఒక 15 ఆంపియర్ల సాకెట్టు పెట్టించండి.

ఇంతకీ ఏ కంపెనీ?

పేరు చెప్పం, అడగాల్సినవి చెబుతాం. సింగిల్ ఫేజ్ 32 ఆంపియర్లా? చార్జర్ల భారత ప్రమాణం ఐఎస్ 17017 ప్రకారం పరీక్ష చేయించిన కాగితం ఉందా? డీసీ లీకేజీ రక్షణ లోపలే ఉందా? సీటీ క్లాంపు డబ్బాలో వస్తుందా, విడిగా కొనాలా? ఆంపియర్లు యాప్ లేకుండా తగ్గించే వీలుందా? గన్ కేబుల్ 5 మీటర్లా, 7 మీటర్లా? మీ కారు చార్జింగ్ మూత ఏ వైపుందో, బండి ముందుకి పెడతారో వెనక్కి పెడతారో చూసుకుని తేల్చుకోవాలి. సర్వీసు మనిషి విశాఖ నుంచి వస్తాడా, హైదరాబాద్ నుంచి రావాలా? బిగించిన రోజున ఎర్త్ ఓమ్‌లు, లోడు మీద వోల్టేజీ, ఆర్‌సీసీబీ టెస్టు బటన్ నొక్కితే పడిందన్న సంగతి, ఈ మూడూ కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. వారంటీ కోసం వెళ్లినప్పుడు మొదట "మీ ఎర్తింగు బాగాలేదు" అంటారు. ఆ కాగితం అప్పుడు చూపించండి.